తిరగేయని మక్లూబా

మక్లూబా గిన్నె పొయ్యి దిగి అరగంట దాటింది. ఇంకా ఎవరూ దాన్ని తిరగేయలేదు.

కోడి, వంకాయ, బియ్యం పొరలు పొరలుగా వండి, పెద్ద పళ్లెంలోకి గిన్నె బోర్లించి, వెనక మూడుసార్లు తట్టి చప్పున ఎత్తితే అన్నం గుండ్రంగా కూలకుండా నిలబడాలి. అష్రఫియా కొండ మీది ఆ ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఆ పని సబ్రియాదే. ఇవాళ కూడా ఆవిడే వండింది. వండి, గిన్నె బల్ల మధ్యన పెట్టి, తన గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది.

బల్లకి అటు కొడుకు ముహన్నద్, ఇటు కోడలు రుదైనా. మధ్యలో గిన్నె. గిన్నె పక్కన సబ్రియా వదిలి వెళ్లిన జవాబు పత్రం.

పత్రం మీద ఒక ప్రశ్నకి ఎర్ర సిరాతో సున్నా. సున్నా కింద కోడలి చేతిరాతతో ఒక ముక్క: 'కథ బాగుంది. లెక్క లేదు.'

"సున్నా ఒక్కటే వేసుంటే అమ్మ మింగేసేది," అన్నాడు ముహన్నద్ గొంతు తగ్గించి. "పక్కన మెచ్చుకున్నావు చూడూ, అదీ ముల్లులా గుచ్చుకుంది."

"అది అత్తయ్య పేపరని నాకేం తెలుసు? పేర్లుండవు, నంబర్లుంటాయి."

"మూడేళ్లుగా చూస్తున్నావు, చేతిరాత కూడా పోల్చలేదా?"

"చూస్తున్నది కిరాణా చీటీలు. ఇది నాలుగు పేజీల గ్రాంథికం!"

ముహన్నద్‌కి నవ్వొచ్చింది కానీ, గది తలుపు వైపు చూసి ఆపుకున్నాడు.

పద్దెనిమిదేళ్లకి పెళ్లై చదువాపేసిన సబ్రియా, యాభై మూడేళ్లకి మళ్లీ యూనివర్సిటీలో చేరింది. అరబ్బీ సాహిత్యం. నాలుగేళ్లలో ప్రతి పరీక్షా గట్టెక్కింది. జూన్‌లో పట్టా. మిగిలింది ఒకే ఒక్క సబ్జెక్టు. సాహిత్యం వాళ్లూ న్యాయశాస్త్రం వాళ్లూ ఏడుస్తూ చదివే తప్పనిసరి పాఠం: 'అందరికీ విజ్ఞానం, లెక్కలు'. పిల్లలు దానికి పెట్టుకున్న పేరు 'చేదు మాత్ర'. ఆ మాత్ర మింగించే మనిషి డాక్టర్ రుదైనా. అత్త కోడలి క్లాసులో కూర్చోవడానికి, ఆఖరి మార్కుల మీద వేరే వాళ్లు సంతకం పెట్టాలనే షరతు మీద విభాగం పెద్ద ఒప్పుకున్నాడు. సబ్రియా రిజిస్టర్లో పుట్టింటి పేరుతోనే ఉంది కాబట్టి క్లాసులో ఎవరికీ ఆ చుట్టరికం తెలియదు. అది ఆవిడ పెట్టిన షరతు.

గడియ తీసిన చప్పుడైంది. సబ్రియా వచ్చింది. చేతిలో ఒక ఫారం.

"గురువారం మధ్యాహ్నం రెండింటికి గడువు," అంది కొడుకుతో, కోడలు అక్కడ లేనట్టే. "ఈ కాయితం ఆఫీసులో ఇచ్చేస్తే చదువుకి సలాం కొట్టినట్టే. డాక్టర్ గారికి చెప్పు."

"ఇక్కడే ఉన్నాను కదా అత్తయ్యా!"

"ఎవరో మాట్లాడుతున్నారురా. రేడియో కట్టెయ్."

"అత్తయ్యా, ఇప్పటిదాకా నూటికి ముప్పై వచ్చాయి. యాభై దాటాలి. ఆఖరి పరీక్షలో బాగా రాస్తే..."

"బాగా రాస్తే? బాగానే రాశానని నువ్వే రాశావుగా! కథ బాగుందిట!" ఇప్పుడు నేరుగా తిరిగింది. "నేను పద్యం చదివేదాన్ని. నాకెందుకమ్మా ఈ గీతలూ, గళ్లూ?"

"రేపు పేపర్లో ఎవడో గీత గీసి అబద్ధం చెబితే పట్టుకోవడానికి."

"అబద్ధం పట్టుకోవడానికి నాకు గీత కావాలా? వీడు పుట్టినప్పట్నుంచి చెబుతూనే ఉన్నాడు. కళ్లు చూసి పట్టుకుంటున్నా."

ముహన్నద్ హఠాత్తుగా పెరుగు గిన్నెలోకి చూడసాగాడు.

"మక్లూబా చల్లారిపోతోంది అత్తయ్యా. ఒక్కసారి తిరగేసి..."

"లెక్కలొచ్చినవాళ్లు తిరగేసుకోండి."

తలుపు మళ్లీ పడింది. తిరగేసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. మక్లూబా అంటేనే 'తిరగబడినది' అని అర్థం. తిరగబడని దాన్ని ఏమనాలో తెలియక, గిన్నెలోంచే చెంచాలతో తిన్నారు.

* * *

మర్నాడు మంగళవారం. నీళ్ల రోజు.

వారానికి ఒక్కసారి ఆ వీధికి నీళ్లొదులుతారు. పెరట్లో ఇనుప ట్యాంకు నిండాలి. నీళ్లు వస్తూండగానే వారం బట్టలు ఉతకాలి, నేల కడగాలి, డబ్బాలు నింపాలి. నీళ్ల రోజు సబ్రియా సేనాపతి. ఇవాళ సేనాపతి గడియ వేసుకుని కూర్చుంది.

రుదైనా చేతులు పైకి మడిచింది. ప్రవాహాల మీదే పరిశోధన చేసింది. ఒక ట్యాంకు నింపలేదా?

పది నిమిషాలకి పెరడంతా చెరువైంది.

"దుప్పట్లు ముందు!" లోపల్నుంచి కేక. "నల్లబట్టలు ఆఖర్న!"

"సరే అత్తయ్యా!"

"నేను గోడతో మాట్లాడుతున్నాను! ... ట్యాంకు మూత పక్కన గొట్టం జారిపోయి ఉంటుంది, చూసుకోమనండి ఎవరినైనా!"

జారిపోయే ఉంది. రుదైనా దాన్ని బిగించి, మోటారు మీట నొక్కింది. మోటారు మూడుసార్లు దగ్గింది. ఖళ్, ఖళ్, ఖళ్. తర్వాత మూలుగుతూ తిరిగింది. ట్యాంకు నీళ్లు కుళాయికి రావాలంటే ప్రతిసారీ ఆ మూడు దగ్గులూ పడాల్సిందే. "మా మావగారి పోలికే," అనేది సబ్రియా.

"కొలకర్ర ఎక్కడుంది అత్తయ్యా? నీళ్లెంత వచ్చాయో చూడాలి."

 లోపల్నుంచి, అయిష్టంగా: "వంటింటి తలుపు వెనకాల. క్యాలెండర్ కింద."

రుదైనా వంటింటి తలుపు లాగింది. కర్ర ఉంది. దాని మీద జానలూ బెత్తలూ గాట్లు పెట్టి ఉన్నాయి. పైన మేకుకి క్యాలెండర్ వేలాడుతోంది.

కర్ర అందుకోబోయిన చెయ్యి ఆగిపోయింది.

క్యాలెండర్లో ప్రతి తేదీ గడిలోనూ పెన్సిలు గీత. గడి అడుగున ఉంటే ట్యాంకు ఖాళీ, పైన ఉంటే నిండు. రోజూ సాయంత్రం కొలిచి గీసినవి. ఒక గీత నుంచి పక్క గీతకి సన్నటి వంపు. మంగళవారం గడిలో ఒక్క ఎగురు, ఆ తర్వాత మెల్లమెల్లగా దిగుడు. కుడి చివర శనివారం, ఎడమ చివర శుక్రవారం. రాత కుడి నుంచి ఎడమకి నడిచే ఆ దేశంలో ఏ గోడ మీది క్యాలెండరైనా అంతే.

పరీక్షలో తను గీసిన బొమ్మ అదే. అచ్చంగా అదే, అద్దంలో చూసినట్టు.

ఆ ప్రశ్న రుదైనాకి కంఠస్థం: 'పై గీత ఒక ఇంటి ట్యాంకులో వారం పాటు నీటి మట్టం. ఆ వారం ఆ ఇంట్లో ఏం జరిగిందో మీ మాటల్లో రాయండి.' ఇరవై అయిదు మార్కులు. రోజుల పేర్లు రాస్తే జవాబు తేలికైపోతుందని కావాలనే రాయలేదు. ఎడమ నుంచి చూస్తే: ట్యాంకు ఒక్కసారిగా నిండింది, వారమంతా మెల్లగా ఖర్చయింది.

కుడి నుంచి చూస్తే?

వారమంతా మెల్లగా నిండి, చివర్లో ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది!

తడి చేతులతోనే బల్ల దగ్గరికి పరుగెత్తి సబ్రియా పత్రం తెరిచింది. '...ఆరు రోజులు చుక్కచుక్కగా కూడబెట్టిన నీరు ఏడో నాడు ఒక్క గడియలో మాయమైంది. ట్యాంకుకి చిల్లి పడి ఉండవచ్చు. పొరుగువారు దొంగిలించి ఉండవచ్చు. లేదా ఆ ఇంటి కోడలు కుళాయి విప్పి మరిచి ఉండవచ్చు.'

తప్పు ఒక్కటీ లేదు. పుట్టి బుద్ధెరిగాక ప్రతి అక్షరమూ కుడి నుంచే చదివిన మనిషి, గీతనీ కుడి నుంచే చదివింది.

క్లాసులో చూపించి వెనక్కి తీసుకున్న మిగతా పేపర్లన్నీ సంచీలోంచి బల్ల మీద కుమ్మరించింది. సబ్రియాదీ కలిపి ఎనభై నాలుగు. పెరట్లో నీళ్లు పొర్లిపోతున్నాయి. సున్నా వేసినవన్నీ పక్కకి తీసింది. ముప్పై ఒకటి. ఒకదాంట్లో దొంగ, ఒకదాంట్లో భూకంపం, ఒకదాంట్లో ఎదురింటాయన బస్సు కడుక్కోవడం. ముప్పై ఒక్క కథల్లోనూ ట్యాంకు చివర్లోనే ఖాళీ అయింది.

ఒక్కరు తప్పు రాస్తే ఆ తప్పు వాళ్లది. ముప్పై ఒక్కరు ఒకేలా తప్పు రాస్తే?

"నీళ్లు పోతున్నాయే!" గది తలుపు భళ్లున తెరుచుకుంది. "నా వారం నీళ్లు పోతున్నాయే!"

సబ్రియా పెరట్లోకి దూకి గొట్టం కట్టేసి, ఎవరి ముఖమూ చూడకుండా మళ్లీ లోపలికి వెళ్లి గడియ వేసుకుంది.

* * *

"వద్దు," అన్నాడు విభాగం పెద్ద డాక్టర్ గస్సాన్, బుధవారం ఉదయం. సేజ్ ఆకు వేసిన టీ తాగుతూ ఆ ఒక్క మాటే మూడుసార్లు అన్నాడు.

"ప్రశ్నలో తప్పుంది సార్. ఎటు నుంచి చదవాలో నేను చెప్పలేదు."

"గీత ఎడమ నుంచి చదవాలని లోకానికంతా తెలుసు."

"లోకానికి తెలుసు. ముప్పై ఒక్క మందికి తెలియదు. వాళ్ల కోసమే కదా ఈ పాఠం పెట్టింది?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "చూడమ్మా రుదైనా. తప్పు నాదని రాసిస్తే పరీక్షల సంఘం నీ పేరు పక్కన నల్లచుక్క పెడుతుంది. పైగా లాభపడేవాళ్లలో మీ అత్తగారు. ఊరు ఊరుకుంటుందా?"

"అందుకే నేను ముట్టుకోను. ముప్పై ఒకటీ మీరు దిద్దండి."

"నేనా? నాలుగేసి పేజీల కథలా?"

"భూకంపం కథ బాగుంటుంది సార్."

ఆయన మీసం కదిలింది. "ఒక షరతు. రేపు క్లాసులో అందరి ముందూ నీ తప్పు నువ్వే చెప్పు. సరిగ్గా రాసినవాళ్లలో ఒక్కరు కాదన్నా నేను దిద్దను. ఇంకోటి. రెండింటిలోగా ఎవరైనా చదువు మానే ఫారం ఇచ్చేస్తే, వాళ్ల పేపరు నా దగ్గరికి రానే రాదు."

ఆ సాయంత్రం రుదైనా గది తలుపు తట్టింది.

"అత్తయ్యా, మీ జవాబు గురించి మాట్లాడాలి."

"కోడలిగానా, టీచరుగానా?"

"టీచరుగా."

"టీచర్లతో క్లాసులో మాట్లాడతాను. క్లాసుకి రాను కనక మాట్లాడను."

"పోనీ కోడలిగా!"

"కోడళ్లకి నా మార్కుల సంగతెందుకు?"

రుదైనా నుదురు తలుపుకి ఆనించి నిలబడింది. వాదనలో ఈవిడని గెలవడం కల్ల. ఎలాగైనా రేపు క్లాసుకి రప్పించాలి. పిలిస్తే రాదు. బతిమాలితే అసలు రాదు.

కోపం వస్తే?

రుదైనా కళ్లు వంటింటి తలుపు వైపు తిరిగాయి.

* * *

గురువారం పదింటికి క్లాసు నిండుగా ఉంది. మూడో వరసలో ఒక్క కుర్చీయే ఖాళీ. రుదైనా బోర్డు మీద ఆ గీతని మళ్లీ గీసి, పక్కనే పెన్సిలు గీతల క్యాలెండర్ వేలాడదీసింది.

"ఈ ప్రశ్నలో తప్పు చేసింది నేను," అంది.

రాసుకుంటున్న పెన్నులు ఆగాయి.

ఆమె అంతా చెప్పింది. ముందుగా లేచింది న్యాయశాస్త్రం పిల్ల లుజైన్. "అంటే నా దొంగ నిజంగానే దొంగా డాక్టర్? నేను చెబుతూనే ఉన్నాను!"

నవ్వులు. కానీ వెనక వరస నుంచి ఒక చెయ్యి లేచింది. ఫారిస్. చరిత్ర విద్యార్థి. పాతికకి పాతిక తెచ్చుకున్నవాడు.

"నాకు అభ్యంతరం ఉంది డాక్టర్. మేం కష్టపడి నేర్చుకుని రాశాం. రానివాళ్లకి కూడా మార్కులిచ్చేస్తే నేర్చుకోవడం ఎందుకు? గీత ఎటు నుంచి చదివినా ఒకటేనని రేపు నేను ఎక్కడైనా అంటే నవ్వరా?"

మంచి ప్రశ్న. రుదైనా గడియారం చూసింది. పదీ ఇరవై. రెండింటికి ఇంకా టైముంది, కానీ తలుపు వైపు నుంచి అడుగుల చప్పుడేదీ...

వచ్చింది. చెప్పుల చప్పుడు. వేగంగా.

తలుపు గోడకి కొట్టుకుంది. సబ్రియా! తలగుడ్డ వంకరగా, చంకలో నల్లసంచీ, రొప్పుతూ.

"నా క్యాలెండర్ దొంగ ఏదీ?"

ఎనభై మూడు తలలు తిరిగాయి.

"ఇంట్లో ఏం తీసుకుపోయినా ఊరుకున్నాను. కొడుకుని తీసుకున్నావు, ఊరుకున్నాను. నా క్యాలెండర్ జోలికొస్తావా?"

"కొడుకు?" లుజైన్ కళ్లు గుండ్రమయ్యాయి. క్లాసులో అందరికీ సబ్రియా 'ఖాలా', అంటే పిన్ని. "ఖాలా, డాక్టర్ గారు మీ... కోడలా? కోడలు అత్తకి సున్నా వేసిందా!"

క్లాసు గొల్లుమంది. ఎవరో చప్పట్లు కొట్టారు.

"నంబరు చూసి వేసింది, ముఖం చూసి కాదు," అంది సబ్రియా అలవాటుగా. అనేశాక నాలిక కరుచుకుంది. గడప దాటాక కోడలిని వెనకేసుకు రావడం ఆ ఇంటి మర్యాద.

"ఈ క్యాలెండర్ ఏమిటో వీళ్లకి చెప్పండి, అత్తయ్యా," అంది రుదైనా మెల్లగా సుద్దముక్క అందిస్తూ. "మీకు సున్నా వేసిన టీచరుగా అడుగుతున్నాను. క్లాసులోనే."

సబ్రియా సుద్ద వైపు చూసింది. సంచీ వైపు చూసింది. సంచీలో ఫారం ఉంది, సంతకంతో సహా.

"ఏముంది చెప్పడానికి?" అంది చివరికి. "వారం ఈ కుడి పక్కనించి మొదలు. శనివారం, ఆదివారం... ఇదిగో మంగళవారం ఎగిరింది, ఇక ఇలా దిగుతుంది. ముప్పై ఏళ్లుగా గీస్తున్నా. లేకపోతే సోమవారానికి మొహం కడుక్కోను నీళ్లుండవు." బోర్డు మీది గీతని వేలితో పొడిచింది. "దీనికి రోజుల పేర్లేవి? పేర్లు రాస్తే ఎటు నుంచైనా చదువుతాను. పేర్లు లేని గీత, తిరగేయని మక్లూబా. పైనేముందో, కిందేముందో ఎవరికి తెలుసు?"

ఫారిస్ చెయ్యి నెమ్మదిగా దిగింది. "అది నిజమే," అన్నాడు. "ఖాలా ఎటు చదవాలో చెబుతోంది. పేపరు చెప్పలేదు. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా." కూర్చోబోయి, ఆగి, క్యాలెండర్ దగ్గరికి నడిచాడు. కుడి నుంచి ఎడమకి చూస్తూ గొణుక్కున్నాడు.

"ఖాలా, మీకు రోజుకెంత ఖర్చవుతుంది?"

"బెత్తెడు."

"మరి ఈ మూడు వారాలుగా గురువారం గురువారం జానెడు దిగుతోందేం?"

సబ్రియా పెదవి బిగించింది. "అదే రాశాగా పరీక్షలో. కోడళ్లు కుళాయి విప్పి మరిచిపోతే..."

"నేనా!" అంది రుదైనా. "మూడు వారాలుగా లోపల్లోపల నన్నే అనుకుంటున్నారా? గురువారాలు పొద్దున్నుంచి ఇక్కడే ఉంటాను!"

"ఉంటావు," అంది సబ్రియా. ఆ మాట ఇప్పుడే వింటున్నట్టు. "నేనూ ఇక్కడే ఉంటాను."

నీళ్ల లెక్క క్లాసంతా వేసుకుంటోంది. లుజైన్ ఆగలేకపోయింది.

"మరి గురువారం పూట ఇంట్లో జానెడు నీళ్లు ఎవరు పోసుకుంటున్నారు ఖాలా?"

సబ్రియా సంచీలోంచి చేతికందిన కాయితం లాగింది. వెనక్కి తిప్పి, పెన్సిలుతో మూడు గురువారాలూ గబగబా గీసుకుంది. అది ఏ కాయితమో రుదైనా చూసింది.

ఆ ఇంటికి తాళంచెవులు మూడు. ఒకటి అత్త నల్లసంచీలో ఉంది. ఒకటి కోడలి సంచీలో ఉంది.

సబ్రియా ఫోను తీసి, అందరికీ వినబడేలా పెట్టి నొక్కింది.

"అమ్మా?" ముహన్నద్ గొంతు.

"ఎక్కడున్నావు నాన్నా?"

"ఎక్కడుంటాను? ఆఫీసులో. పనిలో తల మునకలై ఉన్నా. ఏమిటీ?"

"ఏం లేదు నాన్నా. ఊరికే."

అప్పుడు వినిపించింది. అతని మాట వెనకాల, దూరంగా, స్పష్టంగా.

ఖళ్. ఖళ్. ఖళ్.

తర్వాత మోటారు మూలుగు. ఆ మీద ఎవరిదో కొత్త గొంతు: "సబ్బెక్కడ పెట్టావయ్యా?"

ఫోను తెగిపోయింది.

అత్తాకోడళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. కోపం లేకుండా చూసుకోవడం నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

సబ్రియా ఫారాన్ని నాలుగు మడతలు వేసి క్యాలెండర్లో దోపింది. క్యాలెండర్‌ని చుట్టి చంకన పెట్టుకుంది.

"నా పాతిక మార్కుల సంగతి తర్వాత చూద్దువుగాని, డాక్టరమ్మా," అంది కోడలి చెయ్యి పట్టుకుని. "పద. ముందు వాడికి సున్నా వేసొద్దాం."